విశాఖలో దొరికే ప్రార్థన నూనెలు: ఏది కొనాలి, ఏది వద్దు

రోగి కోసం ప్రార్థించి నుదుట రాసే నూనె శుభ్రమైన ఒలీవ నూనె అయితే చాలు. యాకోబు పత్రిక 5:14 చెప్పేది అంతే. రోగి సంఘ పెద్దలను పిలిపించుకోవాలి, వారు ప్రభువు నామమున నూనె రాసి ప్రార్థించాలి. ఆ తర్వాతి వచనం రోగిని స్వస్థపరచేది విశ్వాసంతో చేసిన ప్రార్థన అంటుంది. అక్కడ సీసా ఊసు లేదు, దేశం పేరు లేదు, సువాసన లేదు. విశాఖలో క్రైస్తవ పుస్తకాల దుకాణాల్లోనూ, కొన్ని మందిరాల బయట బల్లల మీదా, ఆన్‌లైన్‌లోనూ అమ్మే నూనెలను ఈ వచనం పక్కన పెట్టి చూశాం.

మొదటిది 10 మిల్లీలీటర్ల సువాసన సీసా. పైన యెరూషలేము బొమ్మ, లోపల సాంబ్రాణి, బోళం, దాల్చినచెక్క వాసన. ధర చూసేటప్పుడు లీటరుకు ఎంతో లెక్క కట్టండి: 10 మిల్లీలీటర్లు 200 రూపాయలంటే లీటరు 20,000. వాసనకూ బొమ్మకూ పెట్టే డబ్బు అది. అంతకంటే ముఖ్యమైన ఇబ్బంది చర్మానిది. దాల్చినచెక్క నూనె కొందరికి దద్దురు, మంట తెస్తుంది. చాలా రోజులుగా మంచం పట్టినవాళ్ల చర్మం పలచబడి ఉంటుంది కాబట్టి వాళ్లకు ఇంకా తొందరగా. కొన్నిటి మీద ‘నిర్గమకాండము 30 ప్రకారం తయారైనది’ అని ఉంటుంది. ఆ అధ్యాయంలో గోపరసం 500 తులాలు, సుగంధపు లవంగిపట్ట 250, నిమ్మగడ్డి నూనె 250, లవంగిపట్ట 500, ఒలీవ నూనె మూడు పళ్లు (పడులు) అని కొలతలున్న మాట నిజమే. అయితే ఆ తైలం ప్రత్యక్షపు గుడారానికీ (ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం) యాజకులకూ ఉద్దేశించినది. దాన్ని పోలినది చేయకూడదని 32, 33 వచనాలు ఖండితంగా చెబుతున్నాయి. ఆ పేరుతో అమ్మే సీసాను కొనవద్దనే మా సలహా.

రెండోది ‘స్వస్థత తైలం’ పేరుతో చిన్న ప్లాస్టిక్ సీసాల్లో నింపి అమ్మేది. ఏ నూనె, ఎప్పుడు నింపారు, ఎవరు నింపారు అనేవి ఉండవు. మూత వదులై బ్యాగులో కారుతుంది. తెల్లటి ప్లాస్టిక్‌లో వెలుతురు తగిలి, మన సముద్రతీరపు వేడికి తొందరగా కనరు వాసన కొడుతుంది. షుగరు, కేన్సర్, పక్షవాతం, మూర్ఛ నయమవుతాయని చీటీ అంటించి ఉంటే ఇక ఆలోచించకుండా పక్కన పెట్టండి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మేజిక్ రెమెడీస్ చట్టం ఇలాంటి ప్రకటనలను నిషేధించింది, సీసా మీది చీటీ కూడా ఆ చట్టం దృష్టిలో ప్రకటనే. ‘ఉచితముగా పొందితిరి, ఉచితముగా ఇయ్యుడి’ అని మత్తయి 10:8లో ప్రభువు చెప్పింది రోగులను స్వస్థపరచమన్న ఆజ్ఞతో కలిపే. స్వస్థతకు వెల కట్టిన సీసా ఆ మాటకు ఎదురు నిలుస్తుంది.

మూడోది సూపర్ మార్కెట్లో వంటనూనెల వరుసలో ఉండే ఎక్స్‌ట్రా వర్జిన్ ఒలీవ నూనె. మా ఓటు దీనికే. ముదురు రంగు గాజు సీసా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు (ఆహార భద్రత సంస్థ ఇచ్చే లైసెన్సుది), గడువు తేదీ చూసి అన్నిటికంటే చిన్న సీసా తీసుకోండి. పొయ్యి గట్టు మీద కాకుండా బీరువాలో ఉంచండి. ఫ్రిజ్‌లో గడ్డకడితే పాడైనట్టు కాదు, బయట పెడితే మళ్లీ కరుగుతుంది. అలా గడ్డకట్టడం స్వచ్ఛతకు రుజువు కూడా కాదు. ఒలీవ నూనె కొనలేనివాళ్లు నువ్వుల నూనె వాడినా తప్పు లేదు. 1972లో పోపు ఆరవ పౌలు కథోలికులకు సైతం ఒలీవ దొరకనిచోట వేరే మొక్కల నూనెకు అనుమతినిచ్చారు. కొబ్బరినూనె పట్టుకెళ్తే అరకు, పాడేరు చలిలో గడ్డకడుతుందని గుర్తుంచుకోండి.

రాస్ హిల్ కొండగుడికి వెళ్లే కథోలికులకు ఒక మాట. వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి, అంటే రోగికి నూనె రాసే సంస్కారానికి, వాడే తైలాన్ని మామూలుగా పవిత్ర వారపు పూజలో పీఠాధిపతి (బిషప్) ఆశీర్వదిస్తారు. దాన్ని గురువే (ఫాదర్) నుదుటికీ రెండు చేతులకూ రాస్తారు. అది అంగట్లో కొనేది కాదు, విచారణ గురువుగారిని అడగాలి.

రాయడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. బొటనవేలు తడిసేంత నూనె, నుదుట ఒక్కసారి, అంతే. కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో వార్డులోకి వెళ్తే ముందు సిస్టరుగారిని అడగండి, చేతులు కడుక్కోండి. ఛాతీకి రాస్తే ఈసీజీ పట్టీలు అంటుకోవు. చేతికి రాస్తే సెలైన్ సూది మీది ప్లాస్టర్ ఊడిపోతుంది. ఆక్సిజన్ మాస్కు ఉన్నవాళ్ల ముఖానికి అసలు వద్దు, ఆక్సిజన్ దగ్గర నూనె నిప్పుకు తోడవుతుంది. అప్పుడు చెయ్యి పట్టుకుని ప్రార్థించండి, చాలు. షుగరు పుండులో, కంటి ఆపరేషన్ అయిన కంటి దగ్గర, కుట్ల మీద రాయకూడదు. చెంచాతో తాగించే అలవాటు కొన్నిచోట్ల ఉంది, సువాసన నూనెలు తాగడానికి పనికిరావు.

నూనె రాశాక మాత్రలు ఆపేయమనే మాట వింటే ఆ చోటు వదిలి రండి. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా మానితే ఫిట్స్ తిరగబెట్టి ప్రాణం మీదికి వస్తుంది. టీబీ మందులు మధ్యలో ఆపితే క్రిమి ఆ మందులకు లొంగకుండా పోతుంది. యూదా రాజు హిజ్కియాకు స్వస్థత వాగ్దానం చేసిన దేవుని ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమన్నాడు (2 రాజులు 20:7). తనతో ప్రయాణించిన త్రోఫిము రోగిగా ఉంటే అతన్ని పౌలు మిలేతులో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20), విశ్వాసం చాలలేదని అతన్ని నిందించలేదు. స్వస్థత ఆలస్యమైన రోగిని మనమూ నిందించకూడదు.

ప్రార్థించిన నూనె కనరు వాసన కొడితే తూములో పోయకండి. దూదికి అద్ది కాల్చేయండి, ఎక్కువ ఉంటే చెట్టు మొదట్లో కాక ఖాళీ మట్టిలో పోయండి.