ముందు కిందికి చూడాలి: ఏప్రిల్ నల్లమలలో పూల కోసం మూడు రాత్రులు

ఉగాది రోజుల్లో శ్రీశైలం వైపు వెళ్లొద్దని ముందే అనుకున్నాం. ఆ వారం కర్ణాటక నుంచి భక్తులు నల్లమల దాటుకుని కాలినడకన వస్తారు, గది దొరకడం కల. పండగ అయిన పది రోజులకు నేనూ మా పెద్దమ్మా హైదరాబాద్ నుంచి కారులో బయల్దేరాం. పులి మీద మాకు ఆశ లేదు. ఎండాకాలం అడవిలో ఏం పూస్తుందో చూసి పేరుతో గుర్తుపట్టాలని మా కోరిక. "ఈ ఎండల్లో పూలేంటే, వడదెబ్బ పూస్తుంది" అంది మా అమ్మ.

వానాకాలం పూలు గడ్డిలో, కాళ్ల దగ్గరే ఉంటాయి. ఎండాకాలం పూలు చాలామటుకు చెట్ల మీద, మెడ నొప్పెట్టేంత ఎత్తున ఉంటాయి. నేను తల పైకెత్తి నడుస్తూ రాయి తగిలి పడబోతే పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "కింద రాలింది చూడవే ముందు, చెట్టు ఎక్కడికీ పోదు" అంది. ఆ మాట మూడు రోజులూ పనికొచ్చింది.

మొదట అచ్చంపేట దాటాక ఉమామహేశ్వరం. బండ కింద గుడి, రాతిలోంచి నీటి చుక్కలు. పెద్దమ్మ దండం పెట్టుకునేలోపు నాకు అరచేతంత పసుపు పువ్వు దొరికింది. అయిదు రేకులు, మధ్యలో గుత్తుగా కేసరాలు. పైకి చూస్తే ఒక్క ఆకు లేని కొమ్మ చివర ఇంకో రెండు. కొండగోగు. అసలు జోరు ఫిబ్రవరి, మార్చిల్లోనే, మేం చూసింది తోక. పక్కనే ఇంకో ఆకులేని చెట్టు, ఒళ్లంతా తెల్లగా, కాగితంలా పొరలు లేస్తోంది. అది తపసి. రెండూ బండల మీదే పెరుగుతాయి, రెండూ బంక ఇస్తాయి కాబట్టి చాలామంది ఒకటే అనుకుంటారు. తపసి పూలు చిన్నవి, అప్పటికే అయిపోయాయి. ఎర్రటి కాయల గుత్తులు మాత్రం ఉన్నాయి. వాటి నూగు గుచ్చుకుంటుంది, ముట్టుకోకండి. అడవిలోకి వెళ్లే ఏర్పాట్లేవీ లేనివాళ్లకు ఈ ఒక్క చోటే సగం పాఠం. కోతులు మాత్రం దండిగా ఉన్నాయి. నా చేతి సంచీలో అరటిపండు ఉందని నాకంటే ముందు వాటికే తెలిసింది.

మొదటి రాత్రి మన్ననూరులో, అటవీ శాఖ వాళ్ల గదిలో. ప్యాకేజీలో నడకా ఉంది, సఫారీ బండీ ఉంది. పూల కోసం వెళ్లేవాళ్లకు బండి వల్ల ఒరిగేదేం లేదు. దిగనివ్వరు, దిగకూడదు కూడా, అది పులుల అడవి. నడక మాత్రం పైసా వసూల్. మాతో వచ్చిన చెంచు అన్న ఎక్కువ మాట్లాడడు. అడిగితేనే చెబుతాడు, చెబితే తప్పు చెప్పడు.

నాకు ఎప్పటినుంచో ఉన్న చిక్కు అక్కడే తెగింది. పాలకొడిశ, కొడిశపాల. పేర్లే తిరగేసినట్టుంటాయి, పైగా ఒక ఊళ్లో ఒకదానికి చెప్పే పేరు ఇంకో ఊళ్లో రెండోదానికి చెబుతారు. రెండిట్లోనూ గిల్లితే పాలు, రెండిటికీ తెల్లటి అయిదు రేకుల పూలు. అన్న రాలిన పూలు రెండు ఏరి అరచేతిలో పెట్టాడు. ఒకదాని మధ్యలో తెల్లటి దారాల కుచ్చు ఉంది. అది పాలకొడిశ, అంకుడు అన్నా ఇదే, ఏటికొప్పాక లక్కబొమ్మలు చెక్కే కర్ర దీనిదే. రెండోదాని గొంతు నున్నగా ఉంది, కుచ్చు లేదు. అది కొడిశపాల, ఆయుర్వేదంలో కుటజం. పూలు దొరక్కపోతే కాయలు చూడమన్నాడు. అంకుడు కాయలు జంటగా వేలాడుతూ లేతగా ఉన్నప్పుడు చివర్ల దగ్గర అతుక్కుని ఉంటాయి. కొడిశపాల జంట దేని దారి దానిదే. పెద్దమ్మ వెంటనే "తోడికోడళ్లలాగానా" అంది. ఆయన నవ్వడం చూసింది అప్పుడొక్కసారే.

అదే దారిలో బిక్కి. మల్లెను మించిన వాసన. ఒకే చెట్టున తెల్లపూలు, పసుపు పూలు కనబడితే రెండు రకాలేమో అనుకున్నా. విచ్చినప్పుడు తెలుపు, మర్నాటికి పసుపు, అంతే. మొగ్గ చివర బంక చుక్క ఉంటే ఇక అనుమానం లేదు. గదికి చేరి సిగ్నల్ దొరికాక ఫోన్లో మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌కి చూపిస్తే నందివర్ధనం అంది. తప్పు దానిది కాదు, నేను పువ్వు ఒక్కటే ఫొటో తీశాను. మర్నాటినుంచి పువ్వు ముందు, వెనక, ఆకు, బెరడు, కాయ, అయిదూ తీశాను. తేడా కనబడింది.

శ్రీశైలంలో రెండో రాత్రి గురించి తక్కువ చెబితేనే మంచిది. దర్శనం బాగా జరిగింది. దిగిన ప్రైవేటు లాడ్జిలో లిఫ్ట్ ఉందన్నారు, ఉంది, కదల్లేదు. పెద్దమ్మ మోకాళ్లతో మూడో అంతస్తు. టిఫిన్ ఎనిమిదిన్నరకు ముందు రాదట. ఈ కాలంలో పూలు చూసే వేళ ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకానే. ఆ తర్వాత కళ్లు మండుతాయి. ఇంకో సంగతి, మన్ననూరు దగ్గర అడవి దారి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, బుకింగ్ ముందు లెక్క చూసుకోండి.

మూడో రాత్రి దోర్నాల మీదుగా ఆత్మకూరు వైపు బైర్లూటి, అడవిలో గుడారాల క్యాంపు. మళ్లీ వెళ్లాల్సివస్తే తిన్నగా ఇక్కడికే వెళతాను. గుడారం వేడిగానే ఉంటుంది, మధ్యాహ్నం చెట్టు కింద మంచమే దిక్కు. కానీ తెల్లారగట్ల బయటికొస్తే నాలుగడుగుల్లో అడవి. వెలుగు రాకముందు మాత్రం ఒంటరిగా వెళ్లొద్దు. ఇప్పపూలంటే ఎలుగుబంటికి ప్రాణం.

వెలుగొచ్చాక వెళ్లాం. ఇప్పచెట్టు కింద లేత పసుపు పూసలు పోసినట్టుంది. రేకులన్నీ కలిసి ఒకే గుల్లగా రాలతాయి, చెట్టు మీద సూది లాంటి కాడ మిగులుతుంది. బుట్టతో ఏరుతున్న ఒకావిడ పెద్దమ్మ చేతిలో రెండు పెట్టింది. తియ్యగా ఉంది, వాసనే ఘాటు. మోదుగ అప్పటికి పూత ముగించి బల్లపరుపు కాయలతో నిలబడింది. రేల అప్పుడే అక్కడక్కడా పసుపు గొలుసులు దించుతోంది.

దారి పక్కన ముళ్లకంపలో గోరంత తెల్లపూలు కనబడితే పేరడిగాను. మాతో వచ్చిన కుర్రాడు కాసేపు చూసి, "దాంతో మాకు పన్లేదక్కా, అందుకే పేరు లేదు" అన్నాడు. అయిదు ఫొటోలూ తీశాను. ఇంకా తేలలేదు. మే రెండో వారంలో రేల కోసం మళ్లీ వెళుతున్నాం. పెద్దమ్మ షరతు ఒకటే, మెట్లున్న చోట గది తీసుకోవద్దని.