పాట్ పథకం, ఎస్కర్ట్‌లు: లెక్క బాగుంది, నడకే నెమ్మది

పరిశ్రమల్లో ఇంధనం ఆదా కోసం 2012లో కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ మొదలుపెట్టిన పాట్ (పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్) పథకంలో మొదటి విడతకి 8 రంగాల నుంచి 478 పరిశ్రమల్ని తీసుకున్నారు. టన్ను సరుకుకి ఎంత ఇంధనం ఖర్చవ్వాలో లక్ష్యం పెడతారు. దానికన్నా తగ్గించిన ప్రతి టన్ను చమురు సమానానికి (టన్ను చమురు ఇచ్చేంత శక్తికి) ఒక ఎస్కర్ట్, అంటే అమ్ముకోదగ్గ ఇంధన ఆదా సర్టిఫికెట్. లక్ష్యం అందుకోనివాళ్లు అంతమేరకు కొనుక్కోవాలి.

ఒక సిమెంటు ప్లాంటునే తీసుకోండి. టన్ను సిమెంటుకి లక్ష్యం 0.080 టన్నుల చమురు సమానం, సాధించింది 0.078, ఉత్పత్తి 10 లక్షల టన్నులు అనుకుందాం. చేతికి 2,000 ఎస్కర్ట్‌లు రావాలి. చాలామంది దెబ్బతినేది బొగ్గు ల్యాబ్ రిపోర్టు దగ్గరే. లక్ష టన్నుల బొగ్గుకి కేలరిఫిక్ విలువ (మండితే వచ్చే వేడి) కిలోకి 4,000 కిలోకేలరీల బదులు 4,100 అని తేలిందా, ఆ మేరకు ఎక్కువ ఇంధనం వాడినట్టు లెక్క, 1,000 ఎస్కర్ట్‌లు గల్లంతు! ఏడాది కష్టం ఒక్క కాగితంతో సగమైపోతుంది. అందుకే శాంపిల్ రిజిస్టరు, తేమ లెక్క, వేబ్రిడ్జి క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్లు ఏ నెలకానెల ఫైల్లో పెట్టుకోవాలి. ఆడిటర్ వచ్చే వారం వెతుక్కుంటే దొరకవు. బయటి కారణాలతో ప్లాంటు ఆగితే సవరణ అడగొచ్చు, కానీ లాగ్‌బుక్‌లో ఆ గంటలు, కారణం రాసి ఉండాలి.

కరెంటు వైపు లెక్క సులువు: 11,630 యూనిట్లు మిగిలిస్తే ఒక ఎస్కర్ట్.

అసలు లోపం మార్కెట్‌ది. మొదటి విడత 2015 మార్చిలో ముగిస్తే ఎస్కర్ట్‌ల ట్రేడింగ్ మొదలైంది 2017 సెప్టెంబరులో. ఎస్కర్ట్‌లు అమ్మితే వచ్చే డబ్బుని నమ్ముకుని మోటార్లు మార్చడానికి అప్పు చేయకండి. కరెంటు బిల్లులో మిగిలేదాంతోనే పెట్టుబడి తిరిగొస్తుందో లేదో ముందు చూసుకోండి.