జూమ్ టార్చా, రిఫ్లెక్టర్ టార్చా: జేబులోకి ఏది మేలు?

టార్చి కొనేటప్పుడు మనవాళ్లు ముందుగా అడిగేది "ఎంత దూరం కొడుతుంది?" అనే. షాపతనూ అందుకు తగ్గట్టే టార్చి తలను ముందుకు లాగి, ఎదురింటి గోడ మీద తెల్లటి చతురస్రం ఒకటి వేసి చూపిస్తాడు. బేరం అక్కడే కుదిరిపోతుంది. తీరా ఇంటికొచ్చాక దాన్ని వాడేది కరెంటు పోయిన మెట్ల మీద, బండి ఇంజను దగ్గర, పొలం గట్టు మీద. అంటే చాలావరకు పదిహేను ఇరవై అడుగుల లోపే. అంత దగ్గరలో లుమెన్ల (టార్చి ఇచ్చే మొత్తం వెలుగు కొలత) కన్నా వెలుగు పరుచుకునే తీరే ఎక్కువ తేడా చూపిస్తుంది.

చవక టార్చిల్లో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి ముందు ఉబ్బెత్తు లెన్సు ఉండి, తల ముందుకీ వెనక్కీ జరిగే జూమ్ రకం. సిపిక్ ఎస్‌కె68 అనే చిన్న ఏఏ సెల్ టార్చికి వచ్చిన నకళ్లే బజారు నిండా కనిపిస్తాయి. రెండోది లోపల గిన్నెలా మెరిసే రిఫ్లెక్టర్ ఉన్న మామూలు రకం.

జూమ్ టార్చి వేసే ఆ చతురస్రం ఎల్ఈడీ చిప్పు బొమ్మే. సినిమా ప్రొజెక్టర్ తెర మీద బొమ్మ వేసినట్టు లెన్సు దాన్ని గోడ మీద వేస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది గానీ, లెన్సును ముందుకు లాగేకొద్దీ ఎల్ఈడీ నుంచి పక్కలకు పోయే వెలుగు దానికి అందకుండా లోపలి గొట్టానికే తగిలి వృథా అవుతుంది. పైగా ఆ చతురస్రం అంచు దాటితే చీకటే. తల వెనక్కి నెడితే మాత్రం గుండ్రంగా, అంతటా ఒకేలా వెలుగు పడుతుంది. మీటరు బోర్డులో ఫ్యూజు చూడ్డానికి, బైకు స్పార్క్ ప్లగ్గు వెతకడానికి ఇంతకన్నా మంచిది లేదు. ఆ ఒక్క మార్కూ దానికి ఇవ్వాల్సిందే.

రిఫ్లెక్టర్ పద్ధతి వేరు. పక్కలకు పోయే వెలుగును గిన్నె పట్టి మధ్యలోకి చేరుస్తుంది, నేరుగా ముందుకు వచ్చేది చుట్టూ పలచగా పరుచుకుంటుంది. దాంతో ఇరవై అడుగుల అవతల దారి కనిపిస్తుంది, అదే సమయంలో కాళ్ల దగ్గరా చూపు ఆనుతుంది. రాత్రిపూట మోటారు వేయడానికి పొలానికి వెళ్లే రైతుకు ఈ పలచటి వెలుగే ముఖ్యం. కట్లపాము తిరిగేది రాత్రే, రక్తపింజరేమో ఎండుటాకుల్లో కలిసిపోయి కదలకుండా పడుంటుంది. జూమ్ చేసిన టార్చితో నడిస్తే దూరపు చెట్టు కనిపిస్తుంది గానీ, చెప్పు పక్కనున్నది కనిపించదు.

అలాగని ప్రతి రిఫ్లెక్టర్ టార్చీ మంచిదేం కాదు. నున్నటి అద్దంలాంటి గిన్నెలో ఎల్ఈడీని కాస్త అటూ ఇటూగా బిగిస్తే వెలుగులో రింగులు పడతాయి, ఒక్కోసారి నడిమధ్యన నల్లటి మచ్చ కూడా వస్తుంది. నారింజ తొక్కలా గరుకుగా ఉన్న రిఫ్లెక్టర్ దూరం కొంచెం తగ్గించినా ఈ రింగులను చెరిపేస్తుంది. నాకైతే అదే ఇష్టం. రిఫ్లెక్టర్ బదులు టీఐఆర్ అనే ప్లాస్టిక్ దిమ్మెలాంటి లెన్సు ఉన్న టార్చిల్లోనూ వెలుగు మెత్తగానే వస్తుంది.

ఇక రంగు. చవక టార్చిలు దాదాపు అన్నీ నీలం తిరిగిన తెలుపే ఇస్తాయి. నీలి చిప్పు మీద ఫాస్ఫర్ అనే పసుపు పూత పూస్తేనే తెల్ల ఎల్ఈడీ. ఆ పూత సంగతి బట్టే మధ్యలో నీలం, అంచున పసుపు తేలడం, ఎరుపు చచ్చుబడడం. అరచేతి మీద వేసి చూడండి, చెయ్యి పాలిపోయినట్టు కనిపిస్తుంది. సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో నూటికి చెప్పే అంకె) 90 దాటిన ఎల్ఈడీ అయితే మట్టికీ ఎండుటాకుకీ తేడా తెలుస్తుంది. సోఫిర్న్ ఎస్‌పీ10 ప్రో లాంటి వేలెడంత టార్చిల్లో ఇప్పుడు ఇలాంటివి వస్తున్నాయి, కాకపోతే బజారు టార్చికి కొన్ని రెట్ల ధర.

డబ్బా మీది అంకెల్ని పట్టించుకోకండి. 10 వాట్ల ఎల్ఈడీ ఇచ్చేది సుమారు 1,000 లుమెన్లు, మూడొందల టార్చి మీద 10,000 అని రాసుంటే నవ్వుకుని పక్కన పెట్టాలి. టార్చిల్లో వేసే 18650 రకం రీచార్జి సెల్లు మంచిదైతే దాని సామర్థ్యం 3,500 ఎంఏహెచ్ చుట్టుపక్కల ఉంటుంది, 9,900 అన్నదీ ఆ కోవలోదే. పేరున్న కంపెనీ నిజాయితీగా రాసిన దూరం కూడా ఊహించినంత ఉండదు. ప్రమాణం ప్రకారం ఎదుటి వస్తువు మీద పడే వెలుగు 0.25 లక్స్‌కి, అంటే నిండు పున్నమి వెన్నెల పాటికి తగ్గే చోటు వరకు లెక్కేస్తారు. 2,500 కాండెలాల (వెలుగు మధ్యలో ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) టార్చికి అది 100 మీటర్లు. కంటికి పనికొచ్చేది అందులో సగమో, ఇంకా తక్కువో.

షాపులోనే చూడాల్సినవి ఇంకో రెండున్నాయి. తెల్ల గోడకు మీటరు దూరంలో పట్టుకుంటే రింగులు, మచ్చలు బయటపడతాయి. టార్చిని తక్కువ వెలుగు మోడ్‌లో పెట్టి ఫోన్ కెమెరాలో చూడండి, చారలు పరుగెడితే వెలుగు గబగబా ఆరి వెలుగుతోందన్నమాట, అలాంటి టార్చి కళ్లను అలసట పెడుతుంది. నొక్కినప్పుడల్లా టపటపా మినుకుమనే మోడ్ దాటాల్సివచ్చే స్విచ్చు ఉంటే అది అదనపు టెన్షన్.

నడకకీ, పొలానికీ, పిల్లల ట్యూషన్ దారికీ గరుకు రిఫ్లెక్టర్‌దే కొనండి. జూమ్ టార్చి తల జరిగే చోట వాన నీరు దిగుతుంది కాబట్టి అది ఇంట్లో, పనిముట్ల పెట్టెలోనే ఉండాలి. ఇప్పటికే రింగుల టార్చి ఒకటి కొనేసి ఉంటే, దాని గాజు మీద పాలరంగు సెలోటేపు ముక్క అంటించండి. దూరం తగ్గుతుంది, రింగులు పోతాయి.