రెండో ప్రింటు కోసమే: ఇంట్లో ఫొటో ప్రింటర్‌తో కొన్నేళ్ళ వాడకం

ఫొటోల కోసమే ఒక ప్రింటర్ కొని ఇంట్లో పెట్టుకుంటే డబ్బేమీ మిగలదు. కొందామా వద్దా అని అడిగేవాళ్ళు ఎక్కువమంది ముందు అడిగేది ఇదే కాబట్టి మొదటే చెప్పేస్తున్నాను. ఇంకు, కాగితం, పాడైన ప్రింట్లు, ఇంకు చిమ్మే హెడ్ శుభ్రం చేసుకోవడానికి ప్రింటరే తాగేసే ఇంకు అన్నీ కలిపి లెక్కేస్తే మామూలు సైజు ఫొటోలకి బయటి ఫొటో ల్యాబే చవక. సైజు పెరిగేకొద్దీ తేడా తగ్గుతుంది. అయినా ఆ లెక్క చూసుకుని దీన్ని కొనడం సరికాదని నా అభిప్రాయం.

నేను కొన్నది వేరే కారణంతో. ఇన్నేళ్ళ వాడకం తర్వాత కూడా అదే కారణంతో మళ్ళీ కొంటాను. ఒక ఫొటో ప్రింటు తీసి గోడకి ఆనించి, రెండు మూడు రోజులు అటూ ఇటూ పోతూ చూస్తుంటాను. "ఈ మూల ఇంకాస్త తేలాలి" అనిపిస్తే ఆ సాయంత్రమే సరిచేసి రెండోది తీసుకుంటాను. ల్యాబ్‌కి ఇచ్చినప్పుడు మొదటి ప్రింటే చివరి ప్రింటు అయిపోతుంది. మళ్ళీ పంపి, మళ్ళీ ఎదురుచూసి, చిన్న తేడా కోసం ఇంకోసారి డబ్బు కట్టేవాళ్ళు అరుదు.

నాది 13 అంగుళాల వెడల్పు దాకా కాగితం పట్టే పిగ్మెంట్ ఇంక్‌జెట్, అంటే పిగ్మెంట్ అనే రకం ఇంకుని చుక్కలుగా చిమ్మే ప్రింటర్. ఎ3 ప్లస్ అనే సైజు, అంటే 329 × 483 మిల్లీమీటర్ల కాగితం దాకా తీసుకుంటుంది. ఈ సైజు సరిపోతుందా అని నాకూ మొదట్లో అనుమానం ఉండేది. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా ఇచ్చే 6000 × 4000 పిక్సెళ్ళని అంగుళానికి 300 చొప్పున పరిస్తే 20 అంగుళాల పొడవు, 13 అంగుళాల పైచిలుకు వెడల్పు వస్తుంది. కాబట్టి చాలామంది కెమెరాలకి ఈ సైజు సరిగ్గా సరిపోతుంది. 12 మెగాపిక్సెళ్ళ ఫోన్ ఫొటో కూడా మంచి వెలుతురులో తీసినదైతే ఎ4 సైజులో ఎంత బాగుంటుందో చూసి ఇంట్లోవాళ్ళు నమ్మలేదు. 17 అంగుళాల ప్రింటర్లు ఎ2 దాకా, అంటే ఎ4కి నాలుగింతల కాగితం దాకా తీస్తాయి, నిజమే. కానీ అవి బరువు. కెనాన్ ప్రో-1000 ఒక్కటే దాదాపు 32 కిలోలు. దాన్ని మోసే బల్ల, వెనకా ముందూ కాగితం కదలడానికి చోటు, రెండూ ఉన్నాయో లేదో ముందే కొలుచుకోవాలి.

ఆఫీసు ప్రింటర్‌లో నాలుగు రంగులే ఉంటాయి. ఇలాంటివాటిలో పది దాకా ఉంటాయి. అందులో నాకు ఎక్కువ ఉపయోగపడేవి మెరిసే రంగులు కావు, బూడిద రంగులు. నలుపుతో పాటు గ్రే, లేత గ్రే విడిగా ఉండడం వల్ల బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో ముఖం మీది వెలుగు, నీడలోకి మెల్లగా జారుతుంది, మధ్యలో పచ్చటి ఛాయో గులాబీ ఛాయో తగలదు. బ్లాక్ అండ్ వైట్ ఇష్టమైనవాళ్ళకి ఈ ఒక్క కారణం చాలు.

ఇంకు విషయంలో డై, పిగ్మెంట్ అని రెండు జాతులు. డై కాగితంలోకి ఇంకిపోతుంది, గ్లాసీ కాగితం మీద రంగులు చక్కగా మెరుస్తాయి. పిగ్మెంట్ సన్నటి రేణువులుగా పైపొరలోనే నిలబడుతుంది, వెలిసిపోవడానికి చాలా ఎక్కువ కాలం తీసుకుంటుంది. దీని వెనక కాస్త చరిత్ర ఉంది. గాయకుడు గ్రాహమ్ నాష్ 1991లో మొదలుపెట్టిన నాష్ ఎడిషన్స్ సంస్థ, అచ్చుకి ముందు రంగులు సరిచూసుకోవడానికి తయారైన ఐరిస్ ప్రింటర్‌తో గోడకి తగిలించదగ్గ ఫొటో ప్రింట్లు తీయడం మొదలుపెట్టింది. ప్రింట్లు అందంగానే వచ్చేవి కానీ అప్పటి డై ఇంకులు త్వరగా వెలిసేవి. ఇప్పుడు ఇంట్లో బల్ల మీద ఉన్న మిషన్‌లో పిగ్మెంట్ ఇంకు దొరకడం ఎంత పెద్ద సంగతో అది తలుచుకుంటే అర్థమవుతుంది. పిగ్మెంట్‌కీ లోపాలున్నాయి. గ్లాసీ కాగితాన్ని పక్కకి వంచి చూస్తే ఇంకు పడిన చోట ఒక రకం మెరుపు, పడని తెల్లటి చోట ఇంకో రకం మెరుపు కనిపిస్తాయి. కొన్ని ప్రింటర్లలో దాన్ని సరిచేయడానికి రంగులేని ఇంకు ఒకటి అదనంగా ఉంటుంది.

ఇక అందరూ భయపడే విషయం, హెడ్ మూసుకుపోవడం. భయం అబద్ధం కాదు. హెడ్‌లో నాజిళ్ళు అనే వెంట్రుక కంటే సన్నటి రంధ్రాల్లో ఇంకు ఎండిపోతే ప్రింటు మీద సన్న గీతలు పడతాయి, లేదా ఒక రంగు మొత్తానికే రాదు. ఎప్సన్‌లో చిన్న పిజో పలక కరెంటుకి వంగి ఇంకు చుక్కని నెడుతుంది. కెనాన్‌లో సన్నటి హీటర్ ఇంకుని క్షణంలో మరిగించి, ఆ బుడగతో చుక్కని తోస్తుంది. పద్ధతి ఏదైనా, ఇంకు కదలకుండా ఉంటే ఎండుతుంది. వారానికోసారి అన్ని రంగులూ ఉన్న ఒక ఫొటో తీయడం నా అలవాటు. పెద్దది అక్కర్లేదు, పోస్ట్‌కార్డు సైజు చాలు. ఏదైనా ముఖ్యమైన పెద్ద ప్రింటు తీసే ముందు నాజిల్ చెక్ పేజీ తీసి గళ్ళలో ఎక్కడైనా గీత తెగిందేమో చూస్తాను. తెగితే ఒకసారి క్లీనింగ్, కాస్త ఆగి మళ్ళీ చెక్. వరసపెట్టి క్లీనింగులు నొక్కుతూ పోతే ఇంకు అంతా వ్యర్థాల ట్యాంకులోకి పోతుంది. ఆ ట్యాంకు కూడా నిండుతుంది, మార్చాలి. కొత్త మోడళ్ళలో చాలావాటికి దాన్ని మనమే మార్చుకోవచ్చు. కొనేముందు ఈ ఒక్కటీ తప్పకుండా అడిగి తెలుసుకోండి, ఎందుకంటే ఆ వీలు లేని ప్రింటర్ ఏదో ఒక రోజు సర్వీస్ సెంటర్‌కి వెళ్ళక తప్పదు.

కొత్తగా కొన్నవాళ్ళ ఫిర్యాదు మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే: ప్రింటు చీకటిగా వస్తోంది. ప్రింటర్ తప్పు కాదది. స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది, కాగితం గదిలో పడే వెలుతురుతో బతుకుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బ్రైట్‌నెస్‌లో ఫొటో ఎడిట్ చేస్తే కంటికి ఎంతో వెలుగుగా కనిపించి, మనం దాన్ని ఇంకా తగ్గిస్తాం. స్క్రీన్ వెలుతురుని చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలాల (వెలుతురు కొలమానం) మధ్యకి దించి, స్క్రీన్ రంగుల్ని కొలిచి సరిదిద్దే కాలిబ్రేషన్ పరికరంతో సరిచేసుకున్నాక సగం తలనొప్పి తీరిపోయింది. మిగతా సగం కాగితానికి సరిపడే ఐసీసీ ప్రొఫైల్‌తో, అంటే ఆ ప్రింటర్‌లో ఆ కాగితం మీద ఏ రంగు ఎలా పడుతుందో చెప్పే ఫైలుతో తీరుతుంది. ప్రతి కాగితానికీ దాని ప్రొఫైల్ వేరు, కాగితం కంపెనీలు ఒక్కో ప్రింటర్‌కి ఒక్కోటి ఉచితంగానే ఇస్తాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ప్రొఫైల్ పెట్టి సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింటు ఎలా వస్తుందో చూపే నమూనా, స్క్రీన్ మీదే చూస్తే ఏ రంగు చచ్చిపోతుందో ఇంకు ఖర్చు కాకముందే తెలిసిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: రంగుల బాధ్యత సాఫ్ట్‌వేర్‌కి అప్పగించాక ప్రింటర్ డ్రైవర్‌లో రంగుల సవరణ ఆపేయాలి. రెండూ పనిచేస్తే ముఖాలు ఎర్రబడతాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా రెండో ప్రింటు అవసరం పోదు. వాన వెలిశాక తడిసిన దారి, వెనక చెట్ల గుబురు ఉన్న ఫొటో ఒకటి ఉంది నా దగ్గర. స్క్రీన్ మీద గుబురులో ఆకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. మెరుపు లేని మ్యాట్ కాగితం మీద మొదటి ప్రింటులో అదంతా ఒకే నల్లటి ముద్ద. మ్యాట్ కాగితం నలుపు గ్లాసీ నలుపంత లోతుగా ఉండదు, దానివల్ల చీకట్లోని చిన్న చిన్న తేడాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. గుబురు భాగాన్ని మాత్రమే సన్నటి పట్టీలుగా, ఒక్కోదాంట్లో నీడల్ని కొద్దికొద్దిగా పైకి ఎత్తి, ఒకే కాగితం మీద తీశాను. ఆరనిచ్చి మర్నాడు పొద్దున కిటికీ దగ్గర పెట్టి చూస్తే ఏది సరైందో వెతకక్కర్లేకపోయింది. ఆ పట్టీ లెక్కతో తీసిన పెద్ద ప్రింటులో ఆకుల మీద నీటి తడి కనిపిస్తుంది. ఆ ఫొటో తీసినప్పుడు నేను చూసింది ఆ తడినే. చీకటి గుబురుల విషయంలో నా ఎడిటింగ్ ఆ తర్వాత మారిపోయింది, ప్రింటు తీయని ఫొటోల్లో కూడా.

కాగితం గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్‌సీ కాగితాలు ఆల్బమ్ ఫొటోలకి బాగుంటాయి, త్వరగా ఆరతాయి. బరైటా అనే తెల్లటి ఖనిజం పూత ఉన్నవి ఫిల్మ్ రోజుల డార్క్‌రూమ్ ప్రింట్లని తలపిస్తాయి, నలుపు లోతుగా పడుతుంది, నా బ్లాక్ అండ్ వైట్ అంతా వాటి మీదే. కాటన్ కాగితాలు చేతిలో పట్టుకుంటేనే ఆనందం. 1584 నుంచి కాగితం చేస్తున్న జర్మన్ కంపెనీ హానెమ్యూల్ వాళ్ళ ఫొటో ర్యాగ్ అనే 308 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 308 గ్రాముల) కాగితం మీద మెత్తటి వెలుతురున్న ముఖాలు ఎంత బాగుంటాయో మాటల్లో చెప్పలేను. కాటన్ కాగితానికి సన్నటి నూగు ఉంటుంది. ప్రింటు తీసే ముందు మెత్తటి బ్రష్‌తో దులపకపోతే నూగు మీద ఇంకు పడి, తర్వాత నూగు రాలిపోయి, ఆకాశంలో తెల్లటి చుక్క మిగులుతుంది. మందం కాగితానికి డ్రైవర్‌లో మందం సెట్టింగ్ కూడా మార్చాలి, లేకపోతే హెడ్ అంచులకి రాసుకుంటుంది. ఒకేసారి పెద్ద ప్యాకెట్లు కొనకండి. కంపెనీలు అమ్మే శాంపిల్ ప్యాకులతో మొదలుపెట్టి, నచ్చిన రెండు మూడు కాగితాలకే కట్టుబడి ఉంటే చేయి కుదురుతుంది.

ఏడాదికి ఒకసారి పండగ ఫొటోలు మాత్రమే ప్రింటు తీసేవాళ్ళకి ఇది వద్దు, ల్యాబ్ ఉంది. స్నేహితులకి ఇవ్వడానికి పోస్ట్‌కార్డు సైజు ఫొటోలు చాలనుకుంటే చిన్న డై సబ్లిమేషన్ ప్రింటర్లు మేలు. వాటిలో ద్రవరూపంలో ఇంకే ఉండదు, రిబ్బన్ మీది రంగు వేడికి కాగితం ఎక్కుతుంది, పైన పారదర్శకమైన పొర పడుతుంది. నెలలపాటు ముట్టుకోకపోయినా ఏమీ ఎండిపోదు.

పెద్దది కొన్నవాళ్ళు ఊరెళ్ళేటప్పుడు గోడ దగ్గర స్విచ్ తీసేసి వెళ్ళిపోకండి. ముందు ప్రింటర్ మీదున్న పవర్ బటన్‌తోనే ఆపండి. అప్పుడే హెడ్ తన చోటికి వెళ్ళి మూత కిందికి చేరుతుంది. తిరిగొచ్చాక మొదట నాజిల్ చెక్, ఆ తర్వాతే ఫొటో.