లాగర్ సెట్టు కొంటున్నవాళ్లు జాగ్రత్త: కేబుల్లో గాలి గొట్టం చూడకుండా డబ్బు కట్టొద్దు

బెజవాడలో రెయిన్ గేజ్ (వాన కొలిచేది), నీటిమట్టం సెన్సర్, వాటి రీడింగులు నమోదు చేసే లాగర్ పెట్టె కలిపి సెట్టుగా అమ్మే ఆయన ఎవరో ఇక్కడ చాలామందికి తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్‌ని ముంచిన దగ్గర్నుంచీ కాలనీ సంఘాలు ఇలాంటివి అడుగుతున్నాయి. మా సంఘం కూడా డబ్బు మొత్తం ముందే కట్టి తెచ్చుకుంది. పేరు రాయను, సరుకు సంగతి రాస్తాను.

బిల్లు మీద వెంటెడ్ కేబుల్ అని స్పష్టంగా ఉంది. నీళ్లలో వేలాడదీసే ప్రెజర్ సెన్సర్ కేబుల్లో వైర్లు, షీల్డుతో పాటు సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఉండాలి. బయటి గాలి ఒత్తిడి దాని గుండానే సెన్సర్ వెనక్కి చేరుతుంది, అప్పుడే లెక్కలో నీటి ఒత్తిడి ఒక్కటే మిగులుతుంది. టెర్మినల్లో బిగిద్దామని పైతోలు వలిస్తే ఎర్ర వైరు, నల్ల వైరు, షీల్డు, సందు నింపడానికి పెట్టిన తెల్లటి నూలు పోగులు. అంతే. గొట్టం లేదు.

ఫోన్ చేసి అడిగితే, "నీళ్లు కొలిచేదానికి గాలి గొట్టం ఎందుకండీ? అయినా మీరు కేబుల్ కోసేశారు కదా, ఇక వారంటీ ఉండదు" అన్నాడు. చివర తోలు వలవకుండా వైరు టెర్మినల్లోకి ఎలా వెళ్తుంది? వెంటెడ్ అని బిల్లు మీద రాసింది ఆయనే కదా అంటే, "అంత తెలిసినవాళ్లు మీరే తయారు చేసుకోండి" అని ఫోన్ పెట్టేశాడు. డబ్బు చేతిలో పడేదాకా సార్, సార్ అని పిలిచిన మనిషే.

గొట్టం లేకపోతే జరిగేది ఇది. గాలి ఒత్తిడి 1 హెక్టోపాస్కల్ తగ్గితే రీడింగు దాదాపు 1 సెం.మీ. పడిపోతుంది. మన దగ్గర మామూలు రోజుల్లోనే ఒత్తిడి పొద్దున పది, రాత్రి పది ప్రాంతంలో పెరిగి, తెల్లవారుజామున నాలుగింటికి, సాయంత్రం నాలుగింటికి తగ్గుతుంది. డ్రమ్ములో నీళ్లు పోసి సెన్సర్ వదిలినా రోజుకు రెండుసార్లు మట్టం లేచి దిగినట్టు గ్రాఫ్ వస్తుంది. ఆ రెండు మూడు సెం.మీ. తేడాతో సర్దుకోవచ్చు. కానీ తుపానుకి ఒత్తిడి 20 హెక్టోపాస్కల్స్ పడిందంటే, ఏరు పెరుగుతున్న రాత్రే లాగర్ 20 సెం.మీ. తక్కువ చూపిస్తుంది. వీధిలోకి నీళ్లు రాకముందే జనాన్ని లేపడానికి కొన్న పెట్టె అది! గొట్టం లేని సెన్సర్లు కూడా వాడతారు, కాకపోతే పక్కన గాలి ఒత్తిడి కొలిచే ఇంకో సెన్సర్ పెట్టి ఆ లెక్క తీసేస్తారు. ఈ సెట్టులో అదీ లేదు.

రెయిన్ గేజ్ సంగతి ఇంకా ఘోరం. గరాటు నోరు 200 మి.మీ., వైశాల్యం 314 చదరపు సెం.మీ. లోపల నీళ్లు నిండగానే అటూ ఇటూ ఒరిగే జంట బకెట్లు ఒకసారి తిరగబడితే (అదే ఒక టిప్పు) 0.2 మి.మీ. వాన, అంటే 6.28 మి.లీ. నీళ్లు. లాగర్లో మాత్రం టిప్పుకి 0.5 మి.మీ. అని పెట్టి పంపారు. 40 మి.మీ. వాన పడితే 100 అని నమోదవుతుంది. మార్చుకుందామంటే ఆ మెనూకి పాస్‌వర్డ్, అది చెప్పాలంటే సర్వీసు చార్జీ కట్టాలట.

మీరు కొన్నది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం కష్టం కాదు. ముందు గేజ్ ఒకవైపు వాలకుండా దాని మీది బబుల్ మధ్యకి తెచ్చుకోండి. ఖాళీ సెలైన్ సీసాలో 500 మి.లీ. నీళ్లు కొలిచి పోసి, సెలైన్ గొట్టం ద్వారా గరాటులోకి అరగంటకి తగ్గకుండా నెమ్మదిగా వదలండి. దాదాపు 80 టిప్పులు రావాలి. 160 దగ్గర వస్తే, ప్రతి టిప్పుకీ అయస్కాంతంతో పనిచేసే రీడ్ స్విచ్ మూసుకున్నప్పుడూ తెరుచుకున్నప్పుడూ లాగర్ రెండుసార్లు లెక్కేస్తోందని అర్థం. ఒక్కోసారి ఒక్కో సంఖ్య ఎక్కువొస్తుంటే ఆ స్విచ్ అదురుతోంది, డీబౌన్స్ (ఒక టిప్పు లెక్కేశాక లాగర్ అదురుళ్లని పట్టించుకోని సమయం) 50 మిల్లీసెకన్లకి పెంచాలి. ప్రతిసారీ ఒకే లెక్కన ఎక్కువొస్తే బకెట్ల కింద స్క్రూలు రెండూ సమానంగా కిందికి దించాలి.

నీటిమట్టం సెన్సర్ మట్టాన్ని 4-20 మిల్లీ ఆంప్స్ కరెంటుగా పంపే రకమైతే చూసుకోవడానికి మల్టీమీటర్ చాలు. 10 మీటర్ల రేంజిదైతే గాలిలో 4, మీటరు లోతు నీళ్లలో 5.6 చూపాలి. మీటరుకే 7.2 చూపిస్తే అది 5 మీటర్ల సెన్సర్. లాగర్లో 10 అని ఉంటే మట్టం రెట్టింపు కనిపిస్తుంది.

పైనుంచి శబ్దం పంపి మట్టం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ తీసుకుందామనుకునేవాళ్లకి ఒక మాట. బుడమేరులో గుర్రపుడెక్క పేరుకున్నచోట అది నీటిని కాదు, ఆకులని కొలుస్తుంది. లాగర్లో రీడింగులు పంపే మోడెమ్ 2జీదైతే జియో సిమ్ పనిచెయ్యదు. వాన లెక్క వాతావరణ శాఖ లెక్కతో పోల్చుకోవాలంటే రోజు ఉదయం 8:30కి మొదలయ్యేలా పెట్టుకోండి, గడియారం మన టైములో ఉందో లేదో కూడా చూసుకోండి. మెనూ పాస్‌వర్డ్ చేతికి రాకుండా, కేబుల్ చివర మీ కళ్లముందు వలిచి చూపించకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

ఇప్పటికే ఆయన దగ్గర కొన్నవాళ్లు కేబుల్ చివర ఫొటో, బిల్లు ఫొటో కింద పెట్టండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తున్నాం, కలిసొచ్చేవాళ్లు చెప్పండి.