కామెర్ల వెనుక పిత్తనాళ క్యాన్సర్ ఉంటే: ముందు స్టెంటా, ముందు సర్జనా?

మా పెద్దబావకు పిత్తనాళ (కాలేయం నుంచి పేగులోకి పైత్యరసం తెచ్చే నాళం) క్యాన్సర్ అని తేలి, ఆపరేషన్, కీమో మాత్రలు పూర్తయిన నాటి నుంచి, చుట్టాల్లో గానీ తెలిసినవాళ్లలో గానీ ఎవరికైనా కామెర్లు వచ్చి స్కానింగులో గడ్డ కనిపిస్తే ఫోను నాకే వస్తున్నది. ములుగు నుంచి వచ్చినా, పరకాల నుంచి వచ్చినా ప్రశ్న దాదాపు ఒక్కటే: “రేపే ఎండోస్కోపీల స్టెంట్ వేస్తమంటున్నరు, వేయించాల్నా, ముందు హైదరాబాద్ తీస్కపోయి సర్జన్‌కు చూపెట్టాల్నా?” నేను వైద్యుణ్ని కాను. అయితే ఆ దారిలో నడిచిన కుటుంబంగా మేము తెలుసుకున్నవి, మాకు చికిత్స చేసిన వైద్యులు విడమరచి చెప్పినవి, తర్వాత నేను చదివి సరిచూసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

వెంటనే స్టెంట్ (మూసుకుపోయిన నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేయించడం వైపు ఉన్న బలం తక్కువేమీ కాదు. కళ్లు పచ్చబడి, మూత్రం టీ డికాషన్ రంగుకు మారి, ఒళ్లంతా దురదతో రాత్రంతా నిద్రలేక గోక్కుంటున్న మనిషిని కళ్లెదుట పెట్టుకుని ఇంకో వారం ఆగుదామనడం ఏ ఇంటివాళ్లకూ తేలిక కాదు. స్టెంట్ పడి పైత్యరసం పేగులోకి దిగడం మొదలైతే దురద తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, బిలిరుబిన్ (కామెర్ల తీవ్రతను చెప్పే రక్తపరీక్ష అంకె) మెల్లమెల్లగా దిగుతుంది. ఈఆర్‌సీపీ (నోటి గుండా ఎండోస్కోపీ గొట్టం పంపి పిత్తనాళంలో చేసే చికిత్స) చేసే వైద్యులు హనుమకొండలోనే ఉన్నందున పని ఇంటికి దగ్గరలోనే జరిగిపోతుంది. నాళంలో రాయి అడ్డుపడినప్పుడైతే ఈఆర్‌సీపీయే సరైన చికిత్స కూడా. అడ్డుపడింది రాయి కాక గడ్డ అని అనుమానం వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఈ విషయాన్ని తేల్చే అంశం నా మట్టుకు ఒకటే: ఏ పని ముందు జరగాలి, ఏ పని తర్వాత జరగాలి అన్న వరుస. స్టెంట్ వేయకముందే మూడు దశల సీటీ స్కాన్, ఎమ్మార్సీపీ (పిత్తనాళాలను చూపే ఎమ్మారై స్కాన్) రెండూ పూర్తి కావాలి. గడ్డ నాళం వెంట ఎంత మేర పాకింది, కాలేయానికి రక్తం తీసుకుపోయే నాళాలను తాకిందా లేదా అన్నవి పైత్యరసం నిలిచి నాళాలు ఉబ్బి ఉన్నప్పుడే స్పష్టంగా కనబడతాయి. స్టెంట్ పడ్డాక ఆ నాళాలు కుంచించుకుపోతాయి, గొట్టం రాపిడికి నాళం గోడ వాచి మందమవుతుంది, అప్పుడు తీసిన స్కానులో వాపు ఎక్కడ ఆగింది, గడ్డ ఎక్కడ మొదలైంది అన్నది అనుభవం గల రేడియాలజిస్టుకు కూడా విడదీసి చెప్పడం కష్టమవుతుంది. పైగా ఈఆర్‌సీపీ తర్వాత కొందరికి క్లోమగ్రంథి వాపు గానీ, నాళంలో ఇన్ఫెక్షన్ గానీ వచ్చి, జరగవలసిన ఆపరేషన్ వారాల తరబడి వెనక్కి పోతుంది.

గడ్డ ఎక్కడ ఉన్నదన్నదాన్ని బట్టి ఈ వరుసకు ఉన్న విలువ ఇంకా పెరుగుతుంది. కాలేయం కుడి, ఎడమ భాగాల నుంచి వచ్చే రెండు నాళాలు కలిసేచోట పుట్టే గడ్డను, 1965లో జెరాల్డ్ క్లాట్‌స్కిన్ అనే అమెరికా వైద్యుడు వివరించినందున, క్లాట్‌స్కిన్ ట్యూమర్ అని రిపోర్టుల్లో రాస్తుంటారు. పిత్తనాళ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. దీనికి ఆపరేషన్ అంటే చాలాసార్లు నాళంతో పాటు కాలేయంలో ఒక పక్క భాగాన్ని మొత్తంగా తీసివేయడమే. కాబట్టి మనిషిని బతికించవలసిన రెండో పక్క ఆరోగ్యంగా ఉండాలి, కామెర్లు ముందుగా దిగవలసింది ఆ పక్కనే. మా బావ ఎమ్మార్సీపీని సర్జన్ గారు తెర మీద తెరిచి, పెన్ను మూతతో ఎడమ నాళం వెంట గీస్తూ, “ఇది మిగలాల్సిన పక్క, గొట్టం ఈ పక్కకే పోవాలి” అని మా అక్కకు చూపించారు. ఆయన ఎండోస్కోపీ వైద్యునితో మాట్లాడిన తర్వాతనే స్టెంట్ పడింది. ఆ సంప్రదింపు లేకుండా, చేతికి తేలికగా అందిన కుడి నాళంలోకి గొట్టం పోయి ఉంటే, కోసి తీసేయవలసిన భాగం నుంచి పైత్యరసం దిగేది, దాచుకోవలసిన భాగంలో మాత్రం అది అలాగే నిలిచి ఉండేది. మరొక ప్రమాదం కూడా ఉన్నది: ఎక్స్‌రేలో కనబడటానికి నాళంలోకి ఎక్కించే మందు, గొట్టం వేయని కొమ్మల్లోకి పోయి బయటికి రాకపోతే అక్కడ చీము పట్టవచ్చు.

మిగిలే భాగం చిన్నదైతే, తీసేయబోయే పక్కకు రక్తం తీసుకుపోయే పోర్టల్ సిరను ముందుగానే మూసి, రెండో పక్క పెరగడానికి కొన్ని వారాలు ఎదురుచూస్తారు. ఈ లెక్కలన్నీ వేయగలిగింది కాలేయ, పిత్తనాళ శస్త్రచికిత్సలు నిత్యం చేసే బృందమే. స్టెంట్ పడిన తర్వాత వారి దగ్గరికి వెళ్లడం కంటే పడకముందు వెళ్లడమే మేలని నేను అనడానికి కారణం ఇదే.

నాళం దిగువ కొస, అంటే క్లోమగ్రంథి తల గుండా పేగులోకి దిగేచోట గడ్డ ఉంటే, క్లోమగ్రంథి తలను, పేగు మొదటి భాగాన్ని, నాళాన్ని కలిపి తీసే విపుల్ ఆపరేషన్ చేస్తారు. అక్కడైతే ఆపరేషన్ త్వరలోనే కుదిరేటప్పుడు స్టెంట్ అసలు అవసరం పడకపోవచ్చు. క్లోమగ్రంథి తల భాగపు క్యాన్సర్‌తో కామెర్లు వచ్చిన 202 మందిపై జరిగి, 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన అధ్యయనంలో, నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవారిలో 39 శాతం మందికి తీవ్రమైన ఇబ్బందులు రాగా, ముందు స్టెంట్ వేసి తర్వాత ఆపరేషన్ చేసినవారిలో 74 శాతం మందికి వచ్చాయి. అందులో తీసుకున్నవారి బిలిరుబిన్ డెసిలీటరుకు సుమారు 14.6 మిల్లీగ్రాముల లోపే ఉన్నదని గుర్తుంచుకోవాలి. అంతకు మించితే లెక్క వేరు.

ఇంతగా సర్జన్ వైపు మొగ్గినా, ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. చలితో వణుకుతూ జ్వరం వస్తే, బీపీ పడిపోతే, మనిషి మాట తడబడితే, మూత్రం తగ్గిపోతే అది నాళంలో ఇన్ఫెక్షన్ ముదిరిన సూచన. అప్పుడు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి అయినా, ఇంటి పక్క ఆసుపత్రి అయినా, ఎక్కడ ముందుగా అందితే అక్కడే యాంటీబయాటిక్స్ మొదలుపెట్టించి పైత్యరసాన్ని బయటికి తీయించాలి, హైదరాబాద్ ప్రయాణం పెట్టుకోకూడదు. అయితే అప్పుడు కూడా వైద్యుణ్ని ఒక మాట అడగండి: వేసేది ప్లాస్టిక్ స్టెంటేనా? ప్లాస్టిక్‌ది తర్వాత తీసేయవచ్చు. తొడుగు లేని లోహపు స్టెంట్ నాళం గోడలో కూరుకుపోతుంది కనుక, ఆపరేషన్ సంగతి తేలకముందే దాన్ని వేయించడం మంచిది కాదు.

చర్మం మీద నుంచి సూదితో కాలేయంలోకి గొట్టం వేసి సంచిలోకి పైత్యరసాన్ని తీసే పీటీబీడీ మూడో దారి. ఎగువ గడ్డలకు, అంటే రెండు నాళాలు కలిసేచోట పుట్టేవాటికి, కావలసిన కొమ్మలోకే గొట్టం పంపే వీలు దీనికి ఎక్కువ. కానీ నెదర్లాండ్స్‌లో ఎగువ గడ్డల రోగులపై, ఎండోస్కోపీ స్టెంట్‌తో చేసిన పోలికలో పీటీబీడీ వైపు మరణాలు ఎక్కువైనందున అధ్యయనాన్ని మధ్యలోనే ఆపి, 2018లో ఆ ఫలితాలు ప్రకటించారు. కాబట్టి ఇది కుటుంబం ఎంచుకునేది కాదు, బృందం నిర్ణయించవలసినది.

పసరు మందు గురించి కూడా అడుగుతుంటారు. గడ్డ మూసిన నాళాన్ని నేల ఉసిరి గానీ మరే ఆకు గానీ తెరవలేదు. పత్యం పట్టి గడిపిన వారాల్లో గడ్డ పెరుగుతుంది.

ఇక ఊరి సంగతి. స్కాన్లు, రక్తపరీక్షలు వరంగల్‌లోనే చేయించి, ఫిల్ములతో పాటు సీడీ కూడా తప్పకుండా అడిగి తీసుకోండి; సర్జన్ చూసేది రిపోర్టు కాగితాన్ని కాదు, ఆ సీడీలోని బొమ్మలను. క్యాన్సర్ సూచికగా చూసే సీఏ 19-9 అనే రక్తపరీక్షలో అంకె ఎక్కువ వచ్చిందని బెంబేలెత్తవద్దు, కామెర్లు ఉన్నంతకాలం అది క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుంది. ఐజీజీ4 అనే రక్తపరీక్ష చేయించమని అడగండి, ఎందుకంటే అచ్చం ఈ గడ్డలాగే కనిపించి స్టెరాయిడ్లతో తగ్గే జబ్బు ఒకటి ఉన్నది. ఆపరేషన్ సాధ్యమని తేలితే బయాప్సీ (గడ్డ ముక్క తీసి పరీక్షించడం) లేకుండానే చేయవచ్చు. ఆపరేషన్ లేకుండా కీమో ఇవ్వాలంటే మాత్రం బయాప్సీ ఉండవలసిందే. ఆపరేషన్‌కు హైదరాబాదే మేలు. నిమ్స్‌లో, ఉస్మానియాలో ప్రభుత్వ విభాగాలున్నాయి, కార్పొరేట్ ఆసుపత్రులు సరేసరి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. నిమ్స్‌లో చేరేవారు ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌వోసీకి (ఖర్చు భరిస్తామని ఇచ్చే హామీ పత్రం) ముందుగానే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆపరేషన్ తర్వాత సాధారణంగా ఆరు నెలల పాటు ఇచ్చే కాపెసిటాబిన్ మాత్రలు ఇంట్లోనే వేసుకోవచ్చు. మా బావకు ప్రతి విడతకు ముందు రక్తపరీక్ష హనుమకొండలోనే చేయించి రిపోర్టును ఫోన్‌లో పంపేవాళ్లం. రక్తనాళంలోకి ఎక్కించే కీమో మందులు జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్ అయితే 21 రోజుల విడతలో మొదటి రోజు, ఎనిమిదో రోజు ఇస్తారు. వాంతులతో, నీరసంతో ఉన్న మనిషిని ప్రతిసారీ రైల్లో సికింద్రాబాద్ దాకా తిప్పడం కన్నా, హైదరాబాద్ ఆంకాలజిస్టు రాసిన ప్రకారం వరంగల్‌లో క్యాన్సర్ వైద్యుని పర్యవేక్షణలో ఎక్కించుకోవడమే నయం.

ఆపరేషన్ కుదరదన్న మాట ఈ శస్త్రచికిత్సలు చేసే సర్జన్ నోటి నుంచి వచ్చినప్పుడే దాన్ని ఖాయమనుకోవాలి. అలా తేలిన తర్వాత నా అభిప్రాయం పూర్తిగా తిరగబడుతుంది: అప్పుడు లోహపు స్టెంటే మేలు, వీలైతే ఇంటికి దగ్గరలోనే. ప్లాస్టిక్ స్టెంట్ సుమారు మూడు నెలలకే మూసుకుపోతుంటుంది, లోహపుది అంతకన్నా ఎక్కువకాలం నిలుస్తుంది, కీమో మధ్యలో ఆగే అవసరం తగ్గుతుంది. నొప్పి మొదలైతే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) విభాగంలో చూపించి మార్ఫిన్ రాయించుకోవడానికి వెనుకాడవద్దు. స్టెంట్ ఏదైనా సరే, వేసిన తర్వాత చలిజ్వరం వచ్చినా కళ్లు మళ్లీ పచ్చబడినా తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోవాలి.