7 లక్షల కొత్త కారా, మూడేళ్ళ పాత కారా: ఏది మేలు?

తొలి కారు కొనాలనుకునే ఇంట్లో చర్చ ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతుంది. ఒకరేమో "కొంటే కొత్తదే కొను, ఎవరో వాడి వదిలేసింది మనకెందుకు" అంటారు. ఇంకొకరు "షోరూమ్ గేటు దాటగానే లక్ష పోతుంది, సెకండ్ హ్యాండే నయం" అంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. కాకపోతే కాగితం తీసుకుని లెక్క వేసేవాళ్ళు తక్కువ. ముందు ఆ పని చేద్దాం.

ఒకే మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్ ఇంజన్, హైదరాబాద్‌లో కొంటున్నాం అనుకుందాం. కొత్తదాని ఎక్స్‌షోరూమ్ ధర 7 లక్షలు. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల మధ్య ధర ఉన్న కారుకి లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 98 వేలు. అదే పేరు మీద ఇప్పటికే ఒక కారు ఉంటే ఇంకో 2 శాతం అదనం. ఇన్సూరెన్స్ 40 వేల దాకా అవుతుంది. రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్ వంటివి కలిపితే రోడ్డెక్కేసరికి 8 లక్షల 40 వేలు. ఇందులో 1 లక్షా 40 వేలు కారు విలువలో లేని డబ్బు. రేపు అమ్మినప్పుడు దాన్ని ఎవరూ తిరిగివ్వరు.

అదే మోడల్ మూడేళ్ళది, ఫస్ట్ ఓనర్, షోరూమ్ ట్రాక్ (కంపెనీలోనే సర్వీస్ చేయించిన రికార్డు) ఉన్న బండి 4 లక్షల 75 వేలకి దొరికిందనుకుందాం. లైఫ్ ట్యాక్స్ మొదటి యజమాని కట్టేశాడు. అదే రాష్ట్రంలో పేరు మారితే మళ్ళీ కట్టక్కర్లేదు, ట్రాన్స్‌ఫర్ ఫీజు చాలు. పాత కారులో మిగిలే డబ్బులో పెద్ద భాగం ఇదే.

ఇప్పుడు ఐదేళ్ళు వాడి రెండూ అమ్మేద్దాం. కొత్తదానికి 3 లక్షల 75 వేలు వస్తే, పోయింది 4 లక్షల 65 వేలు. పాతది అప్పటికి ఎనిమిదేళ్ళ బండి. 2 లక్షల పాతిక వేలు వస్తే పోయింది రెండున్నర లక్షలు. పాత కారుకి టైర్లు, బ్యాటరీ, క్లచ్, సస్పెన్షన్, ఏటా ఇన్సూరెన్స్ అన్నీ కలిపి కొత్తదాని కంటే 90 వేలు ఎక్కువ ఖర్చయిందనుకోండి. అప్పటికీ పాతది లక్షా పాతిక వేలు ఆదా. నెలకి 2 వేల చిల్లర. అమ్మకం ధరలూ రిపేర్లూ నా అంచనాలే, మీ మోడల్‌కి మీ ఊరి ధరలు వేసుకోండి. తేడా అటూ ఇటూ అయినా మొగ్గు పాతదాని వైపే ఉంటుంది.

అయితే ఇది డబ్బు చేతిలో ఉన్నవాళ్ళ లెక్క. లోన్ వచ్చి చేరితే కథ మారుతుంది.

కొత్త కారుకి బ్యాంకులు 9 శాతం ప్రాంతంలో ఇస్తుంటే, పాత కారుకి 13, ఒక్కోసారి 16 శాతం దాకా పోతుంది. కొత్తదానికి 6 లక్షలు 9 శాతానికి ఐదేళ్ళకి తీసుకుంటే ఈఎంఐ సుమారు 12,455, మొత్తం వడ్డీ లక్షా 47 వేలు. పాతదానికి 4 లక్షలు 13 శాతానికి తీసుకుంటే ఈఎంఐ సుమారు 9,100, వడ్డీ లక్షా 46 వేలు. అంటే రెండు లక్షలు తక్కువ అప్పు చేసినా వడ్డీ దాదాపు అంతే. అదే 16 శాతం అయితే వడ్డీ లక్షా 83 వేలకి చేరుతుంది. పైన మిగిలిందనుకున్న లక్షా పాతికలో 36 వేలు అక్కడే కరిగిపోయాయి.

ఇక్కడే ఇంకో మాట. పాత కార్ల దగ్గర ఫైనాన్స్ వాళ్ళు "7 శాతమే సార్" అంటారు. అది ఫ్లాటా, రెడ్యూసింగా అని అడగండి. 5 లక్షలకి ఫ్లాట్ 7 శాతం అంటే ఐదేళ్ళూ పూర్తి 5 లక్షల మీదే వడ్డీ: 1 లక్షా 75 వేలు. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ తగ్గదు. బ్యాంకు భాషలో, అంటే మిగిలిన అసలు మీదే వడ్డీ వేసే రెడ్యూసింగ్ లెక్కలో, అది 12.5 శాతం వడ్డీతో సమానం. శాతాలతో తల పాడుచేసుకోకుండా "ఐదేళ్ళలో మొత్తం ఎంత కట్టాలి?" అని ఒక్క ప్రశ్న వేయండి. ఆ అంకె దాచడం ఎవరివల్లా కాదు.

కాబట్టి నా మాట ఇది. సగానికి పైగా సొమ్ము చేతిలో ఉండి, ఐదారేళ్ళలో బండి మార్చే అలవాటుంటే మూడు నాలుగేళ్ళ పాత కారు మేలు. చేతిలో లక్ష మాత్రమే ఉండి, మిగతాదంతా అప్పే అయితే, పాత పెద్ద కారు ఆశ వదిలి కొత్త చిన్న కారు, మామూలు వేరియంట్, తక్కువ వడ్డీకి తీసుకుని పదేళ్ళు వాడటం మేలు. పదేళ్ళకి పంచితే ఆ లైఫ్ ట్యాక్స్ భారం కూడా తేలికవుతుంది.

పాత కారు ధర దేనితో పోల్చాలి?

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు ఇంజన్ ఉన్నవి ఇందులోకి వస్తాయి. అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. ఆ లెక్కన అప్పట్లో 7 లక్షల 65 వేలున్న కారు 7 లక్షలకి దిగింది. అమ్మేవాళ్ళు మాత్రం పాత బిల్లు చూపించి "నేను ఇంతకి కొన్నాను" అంటారు. ఆయన ఎంతకి కొన్నాడన్నది మనకి అనవసరం. ఈ రోజు షోరూమ్‌లో అదే కారు ఎంత అన్నదే బేరానికి మొదటి మెట్టు.

రెండో కొలబద్ద ఇన్సూరెన్స్ పాలసీలో ఉండే ఐడీవీ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ ఆ బండికి కట్టిన విలువ. రెండు నుంచి మూడేళ్ళ బండికి 30 శాతం, మూడు నుంచి నాలుగేళ్ళకి 40 శాతం, నాలుగు నుంచి ఐదేళ్ళకి 50 శాతం తరుగు వేయడం అందులో మామూలు పద్ధతి. గిరాకీ ఉన్న మోడళ్ళు దానికంటే పైకే పలుకుతాయి, కానీ ఎంత పైకి అడుగుతున్నారో కళ్ళకి కనిపిస్తుంది.

తెలిసినవాళ్ళ దగ్గరా, కన్సల్టెన్సీలోనా, కంపెనీ అవుట్‌లెట్‌లోనా?

తెలిసినవాళ్ళ బండికి మించింది లేదు. ఎలా నడిపారో, ఎక్కడ తగిలిందో మనకి తెలుస్తుంది, మధ్యలో కమీషన్ ఉండదు, ఒక మనిషి ఇంకో మనిషికి అమ్మితే జీఎస్టీ ఉండదు. మారుతి వాళ్ళ ట్రూ వ్యాల్యూ వంటి కంపెనీ అవుట్‌లెట్లలో, కార్స్‌24, స్పిన్నీ వంటి చోట్ల ధర ఎక్కువ, కానీ తనిఖీ, కాగితాల పని, కొన్ని నెలల వారంటీ వస్తాయి. కార్ల గురించి ఏమీ తెలియనివాళ్ళకి ఆ అదనపు డబ్బు దండగేం కాదు. మన ఊళ్ళలోని కార్ కన్సల్టెన్సీల్లో రకరకాల బండ్లు దొరుకుతాయి, బేరానికీ చోటుంటుంది. అక్కడ బండినీ కాగితాలనీ చూసుకునే బాధ్యత మాత్రం పూర్తిగా మనది.

పక్క రాష్ట్రం బండి చవగ్గా దొరుకుతోందంటే ఒక్క క్షణం ఆగండి. విజయవాడలో రిజిస్టరైన కారుని హైదరాబాద్‌లో ఉంచేసుకుంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టి, నంబర్ మార్చుకోవాలి. అక్కడ కట్టినదాంట్లో కొంత వాపసు అడగొచ్చు, కానీ దానికి తిరగాల్సింది మీరే. ఢిల్లీ నుంచి వచ్చే డీజిల్ కార్ల సంగతీ ఇంతే. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టాక గడువు దగ్గరపడ్డవి ఇటు రావడం మొదలైంది. ఆ చవక ధరకి ట్యాక్సునీ, ఎన్‌ఓసీ ఖర్చునీ కలిపి చూస్తే తేడా చాలావరకు పోతుంది.

చవకలో నేను అస్సలు వద్దనేది నీళ్ళలో మునిగిన బండి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదలకీ, 2024 సెప్టెంబర్‌లో విజయవాడని బుడమేరు ముంచినప్పుడూ ఎన్ని కార్లు నీళ్ళలో ఉండిపోయాయో చూశాం. అలాంటివి కడిగి, పాలిష్ పెట్టి అమ్మకానికి పెడితే పైపైన చూస్తే తెలియదు. సీటు బెల్టుని చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద మరక ఉంటుంది. సీటు కింది పట్టాలకి తుప్పు, కార్పెట్ కింద తడి వాసన, హెడ్‌ల్యాంప్ లోపల మసక కనిపిస్తే ఇంకేమీ మాట్లాడకుండా వచ్చేయండి. ఇంజన్ బాగున్నా వైరింగ్ ఏడాది తర్వాత ఏడిపిస్తుంది.

మీటర్ తిప్పారేమోనన్న అనుమానం అందరికీ ఉంటుంది. కారు నంబర్‌తో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చరిత్ర చూపించమనండి. 30 వేల కిలోమీటర్లే తిరిగిందన్న బండికి పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే నమ్మకండి. టైరు మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైంది. బండి కంటే టైర్లు కొత్తవైతే ఎందుకు మార్చాల్సి వచ్చిందో అడగండి. అద్దాల మీద సంవత్సరం గుర్తులు ఒకటికొకటి కలవకపోతే ఎప్పుడో దెబ్బ తగిలినట్టే. బానెట్ బోల్టుల మీద స్పానర్ పెట్టిన గుర్తులున్నా అంతే. ఇవన్నీ చూడటం రాకపోతే మీకు నమ్మకమైన మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళి, ఆయన టైముకి డబ్బివ్వండి. మొత్తం కొనుగోల్లో అంతకంటే మంచి ఖర్చు లేదు.

కొత్తదే కొంటే: ఇప్పుడా, ఆగాలా?

మన దగ్గర ఆషాఢంలో బండి కొనరు. ధనుర్మాసంలోనూ చాలామంది కొనరు. సేల్స్ వాళ్ళకి మాత్రం నెలనెలా టార్గెట్ ఉంటుంది. దసరాకి జనం వరుసకట్టినప్పుడు బేరం ఆడితే ఎవరూ పట్టించుకోరు, ఆషాఢం చివరి వారంలో అదే బేరానికి కుర్చీ వేసి కూర్చోబెడతారు. ముహూర్తం పట్టింపు ఉన్నవాళ్ళు ధర అప్పుడే మాట్లాడి రాయించుకుని, డెలివరీ శ్రావణంలో తీసుకోవచ్చు.

డిసెంబర్ రెండో సగంలో ధనుర్మాసం, ఏడాది చివరి స్టాక్ క్లియరెన్స్ ఒకేసారి వస్తాయి. తగ్గింపు బాగుంటుంది. అయితే జనవరికి ఆ బండి లెక్కలో ఒక ఏడాది పాతదైపోతుంది. పదేళ్ళు వాడేవాళ్ళకి డిసెంబర్ మేలు. మూడు నాలుగేళ్ళలో అమ్మేసేవాళ్ళు ఆ తగ్గింపుని అమ్మేటప్పుడు తిరిగి ఇచ్చేస్తారు, వాళ్ళకి జనవరి మేలు. ఎప్పుడు కొన్నా బండి తయారైన నెల, సంవత్సరం చూసుకోండి.

కౌంటర్ దగ్గర 20 వేల డిస్కౌంట్‌కి గంటసేపు పోరాడి, ఇన్సూరెన్స్ కాగితం మీద చూడకుండా సంతకం పెట్టేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఇతరులకి జరిగే నష్టం) ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించినదే, కొత్త కారుకి మూడేళ్ళది తప్పనిసరి, అందులో తేడా రాదు. తేడా అంతా ఓన్ డ్యామేజ్ (మన కారుకి జరిగే నష్టం) భాగంలో. అదే ఐడీవీకి, అదే జీరో డిప్రిసియేషన్‌తో (క్లెయిమ్‌లో విడిభాగాల తరుగు కోయని కవర్) బయట రెండు చోట్ల ధర అడిగి డీలర్ ముందు పెట్టండి, చాలాసార్లు తగ్గిస్తారు. బయట తీసుకుంటే క్యాష్‌లెస్ (రిపేరు బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా కట్టడం) ఉండదని చెబితే భయపడకండి. అది ఇన్సూరెన్స్ కంపెనీకీ, వర్క్‌షాపుకీ మధ్య ఒప్పందం. మీ వర్క్‌షాపు ఆ కంపెనీ జాబితాలో ఉందో లేదో చూసుకుంటే చాలు.

పాత కారు ఇచ్చేసి కొత్తది కొంటుంటే నో క్లెయిమ్ బోనస్‌ని వదిలేయకండి. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. ఐదేళ్ళు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం. పాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే మూడేళ్ళ లోపు వాడుకోవచ్చు. ఎక్స్‌ఛేంజ్ బోనస్ చూసి మురిసిపోయేముందు బయట ఎంత పలుకుతుందో కనుక్కోండి. బోనస్ 30 వేలు ఇచ్చి కారు ధరలో 50 వేలు కోసేయడం కొత్తేమీ కాదు.

హ్యాండ్లింగ్ చార్జీలు అని కొటేషన్‌లో కనిపిస్తే అది ఏ ప్రభుత్వ ఖాతాకి వెళుతుందో రసీదు అడగండి. సీట్ కవర్లు, మ్యాట్లు, కోటింగ్‌లు బయట చవక. కారు 10 లక్షలు దాటితే వసూలు చేసే 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) మాత్రం పోయిన డబ్బు కాదు, ఐటీ రిటర్న్‌లో చూపించి తెచ్చుకోవచ్చు.

ఎలక్ట్రిక్ ఆలోచన ఉన్నవాళ్ళకి ఒక్క మాట: జీఎస్టీ 5 శాతమే, తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే వీలుండి, రోజూ తిరిగేవాళ్ళకి అక్కడ కొత్తదే మేలు, ఎందుకంటే పాత కారుకి ఉండే లైఫ్ ట్యాక్స్ లాభం అక్కడ ఉండదు.

పాతది తీసుకునేవాళ్ళు డబ్బిచ్చే ముందు

సి బుక్‌లో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే, దాని ఎన్‌ఓసీ, లోన్ పేరు తీసేయడానికి కావలసిన ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. పెండింగ్ చలాన్లు నంబర్ కొట్టి చూసుకోండి, అవి అమ్మేవాళ్ళ చేతే కట్టించండి. 29, 30 ఫారాల మీద సంతకాలు తీసుకుని ఊరుకోకుండా పేరు మార్పు వెంటనే చేయించండి. ఇది అమ్మేవాళ్ళకి ఇంకా ముఖ్యం. ప్రమాదం జరిగితే, రికార్డులో ఎవరి పేరుంటే బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్సూరెన్స్‌ని కూడా 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోండి. థర్డ్ పార్టీ కవర్ బండితో పాటే వస్తుంది గానీ, పాలసీ పాత యజమాని పేరునే ఉండగా మీ కారుకి దెబ్బ తగిలితే ఆ ఖర్చు మీ జేబులోంచే పోతుంది. అందుకే పేరు మార్పు దరఖాస్తు రసీదు చేతికొచ్చేదాకా కనీసం 20, 30 వేలు మీ దగ్గరే ఆపుకోండి, ఆ మాట అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి.